ల్యాప్‌టాప్‌కు డ్రైవర్ మంజూరైన వైనం

ఆ సంవత్సరం ప్రత్యేక పాఠశాలల శాఖకు కొత్తదనం పట్టుకుంది. జ్వరం పట్టుకున్నట్టే పట్టుకుంది.

జిల్లా అధికారి త్రినాథప్రసాద్ గారు రాజధానిలో ఏదో సదస్సుకు వెళ్ళి, భోజనాలకు ముందు జరిగిన ఒక ఉపన్యాసం విని వచ్చారు. గంటన్నర ఉపన్యాసంలో ఆయనకు గుర్తున్నది ఒక్కటే మాట: అప్‌డేట్. ఆ ఒక్క మాటతో ఆయన ‘నవీకరణ పక్షోత్సవం’ ప్రకటించారు. శాఖలో పాతది ఏదీ మిగలరాదు. కొత్తవి కొనడానికి నిధులు లేవు కాబట్టి, ఉన్న పాతవాటినే కొత్తవిగా మార్చవలెను. బీరువాలకు రంగులు వేశారు. విరిగిన కుర్చీలకు ‘ఆధునిక ఆసనములు’ అని పేరు మార్చారు. ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. ఫ్లెక్సీల్లో త్రినాథప్రసాద్ గారి ఫోటో కూడా నవీకరించినదే. అందులో ఆయనకు తలనిండా జుట్టు ఉంది.

ఆ పక్షోత్సవం గుళ్ళపేటలోని ప్రభుత్వ బధిర బాలికల పాఠశాలకు కూడా వచ్చింది.

అక్కడ సైన్సు టీచరు లెంక హైమావతి. ఆవిడ పాఠాలన్నీ ఒక పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. మూత దగ్గర బందు విరిగి, ఒక పక్క రబ్బరు బ్యాండు కట్టిన ల్యాప్‌టాప్. వినపడని పిల్లలకు గుండె ఎలా కొట్టుకుంటుందో, గింజ ఎలా మొలకెత్తుతుందో సైగల భాషలో చెప్తూ, పక్కన బొమ్మలు కదిలేలా ఆవిడ ఎన్నో ఏళ్ళుగా ఆ వీడియోలు తయారుచేసుకుంది. గోడ మీద తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టరు వేస్తే, చివరి బెంచీలో కూర్చున్న పిల్లకు కూడా టీచరు వేళ్ళు స్పష్టంగా కనపడేవి. రాత్రి హాస్టల్లో పిల్లలు ఒకరికొకరు అవే పాఠాలు చేతులతో చెప్పుకునేవారు.

పక్షోత్సవంలో భాగంగా గిరిధర్ అనే టెక్నీషియన్ వచ్చి, ఆ ల్యాప్‌టాప్‌లో కొత్త సిస్టమ్ ఎక్కించి, ‘నవీకరించబడినది’ అని స్టిక్కరు అంటించాడు. మర్నాడు వీడియో పెడితే తెర మీద అడ్డచారలు వచ్చాయి. చారల వెనక హైమావతి చెయ్యి పైకి లేచి, గాలిలో బిగుసుకుపోయి, కాసేపటికి ఒక్కసారిగా కిందికి పడుతోంది. వినేవాళ్ళకైతే మాట తడబడినా అర్థమవుతుంది. సైగ సగంలో ఆగితే అది ఇంకో మాట అయిపోతుంది. గుండె రక్తాన్ని శరీరమంతటికీ పంపుతుందని టీచరు చెప్తుంటే, పదో తరగతి దమయంతి ముఖం చిట్లించి, “గుండె రక్తాన్ని కొడుతుందా? ఎందుకు కొడుతుంది, ఏం తప్పు చేసింది?” అని చేతులతో అడిగింది.

పరీక్షలు దగ్గరపడుతున్నాయి. హైమావతి గిరిధర్‌ను మళ్ళీ పిలిపించింది.

“మేడమ్, ఇది ముసల్దండి,” అన్నాడతను ల్యాప్‌టాప్ వీపు తడుతూ. “కొత్త సిస్టమ్ ఎక్కింది గానీ, దాన్లో వీడియో డ్రైవర్ పాతదైపోనాది. కొత్త డ్రైవర్ పడాలి.”

వీడియో డ్రైవర్ అంటే, తెర మీద బొమ్మ ఎలా గీయాలో కంప్యూటరుకు చెప్పే చిన్న సాఫ్ట్‌వేర్. దానికి కాళ్ళూ చేతులూ ఉండవు.

“అయితే వేసెయ్ బాబూ.”

“నెట్‌లోంచి సొంతంగా దింపితే మెమో ఇచ్చీస్తారండి. పక్షోత్సవం రూలు. హెడ్డాఫీసుకి రాయండి, ఆళ్ళే పంపుతారు.”

హైమావతి రాసింది. ఒక్కటే వాక్యం: ‘మా పాఠశాలలోని పాత ల్యాప్‌టాప్‌కు కొత్త వీడియో డ్రైవర్‌ను పంప ప్రార్థన.’

జవాబు త్వరగానే వచ్చింది. ఆ శాఖలో జవాబు త్వరగా వచ్చిందంటే భయపడాలని ఆవిడకు అప్పటికి తెలియదు. సదరు యంత్రము పెట్రోలుదా, డీజిలుదా? ఇంతవరకు నడిపిన డ్రైవర్ పదవీ విరమణ చేసెనా, మరణించెనా? యంత్రము పాతదని తాము స్వయముగా అంగీకరించినందున, దానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉన్నదా?

హైమావతి సెలవు పెట్టి హెడ్డాఫీసుకు వెళ్ళింది. వాహనాల సెక్షన్ సూపరింటెండెంట్ కూర్మారావు గారు ఎంతో మర్యాదగా కుర్చీ చూపించారు.

“కూర్చోండమ్మా. మీ బండి విషయమే కదా?”

“బండి కాదండీ, ల్యాప్‌టాప్. నేను అడిగిన డ్రైవర్ మనిషి కాదు, సాఫ్ట్‌వేర్.”

“తెలుసమ్మా,” అన్నారాయన చల్లగా. “మా అమ్మాయి అదే చదివింది.”

హైమావతి తెల్లబోయింది. “తెలిసి కూడా ఇలా రాశారా?”

“నాకు తెలిస్తే ఏటి లాభం? సెక్షన్‌కి తెలియాలి కదా. మన నియమావళిలో డ్రైవర్ అంటే ఒక్కటే అర్థం. ‘శాఖకు చెందిన యంత్రమును నడుపుటకు లైసెన్సు కలిగిన వ్యక్తి.’ ల్యాప్‌టాప్ యంత్రమా, కాదా?”

“యంత్రమే.”

“శాఖదా, కాదా?”

“శాఖదే, కానీ...”

“అయిపోయింది కదమ్మా! ఇంకెందుకు గొడవ? అడిగినదానికి లేదన్నామా? డ్రైవర్‌ని ఇస్తామంటున్నాం. ఈ కాలంలో డ్రైవర్ పోస్టు ఎవడిస్తాడు?”

ఆవిడ లేచి నేరుగా త్రినాథప్రసాద్ గారి గదిలోకి వెళ్ళింది. ఆయన అంతా ఓపికగా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“చూడండి హైమావతి గారూ. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. డ్రైవర్ అంటే ఏమిటో నాకు తెలియదనుకుంటున్నారా?”

“అయితే సరిచేయండి సార్.”

“ఎలా సరిచేస్తాను? ఫైలు కిందినుంచి పైదాకా నడిచి వచ్చింది. ఇప్పుడు నేను ‘ఇది పొరపాటు’ అని వ్రాసినచో, సంతకం చేసిన ప్రతి ఒక్కరూ పొరపాటు చేసినట్లగును. వారిపై విచారణ జరపవలసి వచ్చును. విచారణాధికారిని నేనే. ఆ సంతకాల్లో నాది కూడా ఉన్నది కావున, నన్ను నేను విచారించుకోవలెను. కేవలం ఒక బొమ్మ కదలడం కోసం ఇంత పెద్ద వ్యవస్థను కూలదోయమంటారా?”

“సార్, పదో తరగతి పిల్లలండీ. పరీక్షలు...”

“అందుకే కదా అత్యవసరంగా మంజూరు చేస్తున్నాము,” అని ఆయన అక్కడికక్కడే సంతకం చేశారు.

ముందు ఫిట్‌నెస్. ల్యాప్‌టాప్‌ను రవాణా కార్యాలయానికి తీసుకువెళ్ళాలి. లారీలూ ఆటోలూ నిలబడిన వరసలో హైమావతి ల్యాప్‌టాప్‌ను చేతుల్లో పట్టుకుని నిలబడింది. ముందున్న లారీవాడు వెనక్కి తిరిగి ఆవిడను, ఆవిడ చేతిలోని వాహనాన్ని చూసి, ఏమీ అడక్కుండా జరిగి చోటిచ్చాడు. తనిఖీ చేసే అధికారి కుర్రవాడు. మొదట నవ్వాడు. కాగితం మీద సంతకాలు చూశాక నవ్వు మానేశాడు.

“హెడ్‌లైట్లు?”

“లేవండీ.”

“స్క్రీన్ వెలుగుతోంది కదండీ మేడమ్, లేవంటారేటి? లైట్లు ఓకే. హారన్?”

ఆవిడ మీట నొక్కింది. ల్యాప్‌టాప్ బిక్కుబిక్కుమంటూ చిన్న సంగీతం వినిపించింది.

“హారన్ ఓకే. సౌమ్యంగా ఉంది.”

పొగ పరీక్షకు ల్యాప్‌టాప్ పక్కన ఫ్యాను గాలి వచ్చే సందులో గొట్టం పెట్టారు. అర చెంచా దుమ్ము బయటికి వచ్చింది గానీ పొగ రాలేదు. జిల్లాలో ఏ ప్రభుత్వ వాహనమూ ఇంత శుభ్రంగా లేదని అధికారి ప్రశంసాపూర్వకంగా రాశాడు. మూత మీద పచ్చరంగుతో నంబరు వేసి పంపించాడు. ఇంటికి తిరిగి వెళ్తుండగా బస్సులో పక్క సీటు ముసలమ్మ “ఏటమ్మా, కొత్త బండా?” అని అడిగింది. హైమావతికి ఏడుపొచ్చినంత పనైంది.

తరవాత డ్రైవర్ వచ్చాడు.

పొట్నూరు సన్యాసిరావు ఒకప్పుడు శాఖ జీపు నడిపేవాడు. ఆ జీపును తుక్కు కింద అమ్మేశాక, అమ్మిన విషయం ఎవరూ ఫైల్లో రాయకపోవడంతో, అతను రోజూ ఆఫీసుకు వచ్చి ఖాళీ షెడ్డు ముందు కూర్చుని వెళ్ళేవాడు. ఇతన్ని గుళ్ళపేటకు వెయ్యడంతో ఇద్దరి సమస్య ఒకే దెబ్బతో తీరిందని త్రినాథప్రసాద్ గారు సంతోషించారు.

సన్యాసిరావు ఇస్త్రీ చేసిన ఖాకీ బట్టల్లో, బూట్లు పాలిష్ చేసుకుని తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపల వరసగా కూర్చున్న పిల్లలు, బల్ల మీద పచ్చ నంబరుతో ల్యాప్‌టాప్.

“టీచరమ్మా, నాను తోలవలసింది ఇదేటి?”

“ఇదే సన్యాసిరావు గారూ.”

అతను దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. “స్టీరింగ్ ఏటీ లేదు,” అన్నాడు మెల్లగా. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి. “నాకు ఇంటికాడ ఏటని సెప్పుకోవాలమ్మా? మా ఆవిడ కొబ్బరికాయ కొట్టీసింది, మళ్ళీ బండి దొరికిందని.”

హైమావతికి అంతవరకూ శాఖ మీద ఉన్న కోపం ఆ మనిషి ముఖం చూసి ఇంకాస్త పెరిగింది. అతనికి ల్యాప్‌టాప్ పక్కనే ఒక స్టూలు వేసింది.

అతనితోపాటు నియమాలు కూడా వచ్చాయి. డ్రైవర్ లేనప్పుడు యంత్రాన్ని ఎవరూ కదిలించరాదు. డ్రైవర్ విధిలో ఉండగా యంత్రం లోపలి భాగాలను మరొకరు తాకరాదు. దాంతో మూత తెరవాలన్నా అతనే తెరవాలి, మీట నొక్కాలన్నా అతనే నొక్కాలి. అతను టీకి వెళ్తే పాఠం ఆగిపోయేది. పైగా మంజూరైనది ‘కొత్త’ డ్రైవర్ కాబట్టి, పాత సన్యాసిరావును నవీకరించడానికి మధ్యలో కొన్నాళ్ళు శిక్షణకు పిలిపించారు. అక్కడ రోడ్డు గుర్తులు గుర్తుపట్టించి, కంటిచూపు పరీక్షించి, మద్యం సేవించి ల్యాప్‌టాప్ నడపనని ప్రమాణం చేయించి పంపించారు.

తెర మీద చారలు మాత్రం చారల్లాగే ఉన్నాయి. హైమావతి బల్ల ముందు నిలబడి పాఠాలన్నీ మొదటినుంచి చేతులతోనే చెప్పసాగింది. ముందు బెంచీలకు అర్థమయ్యేది. వెనక బెంచీల్లో పిల్లలు మెడలు సాచి సాచి అలిసిపోయేవారు. ఒకరోజు దమయంతి పుస్తకం మూసేసి, “నేను పరీక్ష రాయను. సైన్సులో తప్పుతాను. మా నాన్న నన్ను జీడిపప్పు ఫ్యాక్టరీకి పంపిస్తానన్నాడు, వెళ్ళిపోతాను,” అని చేతులతో చెప్పి, తల బల్ల మీద పెట్టుకుంది.

సన్యాసిరావుకు సైగలు రావు. కానీ అది ఏమిటో అర్థమైంది.

ఆ సాయంత్రం హైమావతి పక్కింటివాళ్ళ కంప్యూటరు ముందు కూర్చుని ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైటు తెరిచింది. మోడల్ నంబరు కొడితే, ‘ఈ మోడల్‌కు మా సేవలు ముగిసినవి’ అని మర్యాదగా చెప్పింది. కొత్త డ్రైవర్లు రెండు మూడు పేజీల్లో దొరికాయి గానీ, ఏవీ ఆ ముసలి ల్యాప్‌టాప్‌కు సరిపోయేవి కావు. ఒకచోట డ్రైవర్ బదులు పేకాట ప్రకటన దిగింది. ఆఖరికి తనలాంటి ఒక బాధితుడెవరో, తనలాంటి ల్యాప్‌టాప్‌తోనే తంటాలు పడి, ‘దీనికి సరికొత్తది వెతక్కండి. దీనికి సరిపడే వాటిలో ఆఖరిది వెయ్యండి. కంపెనీ పాత సామాన్ల పేజీలో అడుగున ఉంది’ అని ఒక చర్చావేదికలో రాసిపెట్టాడు. హైమావతి అడుగుకంటా వెళ్ళింది. ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంది.

పొద్దున్నే బడికి వెళ్ళి సన్యాసిరావుకు ఉన్నదున్నట్టు చెప్పింది. “ఇది నియమాలకు విరుద్ధం. మీరు చూస్తే మీరు కూడా ఇరుక్కుంటారు.”

అతను మూత తెరిచి, మీట నొక్కి, స్టూలు గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

“బండి నాను తీసీసినాను. గోడకేసి సూడ్డానికి ఆర్డరు అక్కర్లేదు కదమ్మా. బేగి కానియ్యండి.”

పిల్లలు ప్రార్థన నుంచి వచ్చేసరికి తెల్లగుడ్డ మీద గుండె కొట్టుకుంటోంది. చారలు లేవు. పక్కన హైమావతి చేతులు నీళ్ళలా కదులుతున్నాయి. తరగతి మొత్తం ఒక్కసారిగా చేతులెత్తి గాలిలో ఆడించింది. చప్పుడు లేని చప్పట్లు. దమయంతి పాఠం అయ్యేవరకు రెప్ప వెయ్యలేదు. అయ్యాక మళ్ళీ పెట్టమంది. సన్యాసిరావు లేచి, స్టీరింగు పట్టుకున్నంత శ్రద్ధగా మీట నొక్కాడు.

ఈ సంగతి హెడ్డాఫీసుకు వేరే రూపంలో చేరింది: డ్రైవర్‌ను వేశాక బొమ్మ బాగైంది. త్రినాథప్రసాద్ గారు కూర్మారావు గారినీ, టెక్నీషియన్‌నూ, ఫోటోగ్రాఫర్‌నూ వెంటబెట్టుకుని తనిఖీకి వచ్చారు. వీడియో చూశారు. ఆయన ఛాతీ ఉబ్బింది.

“చూశారా? వ్యవస్థపై విశ్వాసం ఉంచినచో ఫలితం ఇట్లుండును. జిల్లాలోని ప్రతి ల్యాప్‌టాప్‌కూ ఒక డ్రైవర్! మరీ పాతవాటికి డ్రైవరూ, క్లీనరూ. ప్రతిపాదన రేపే పంపుదాం.”

ఊరుకుంటే హైమావతికి ఏ ఇబ్బందీ లేదు. కానీ జిల్లాలో ఉన్న సన్యాసిరావులందరూ స్టూళ్ళ మీద వరసగా కూర్చుని ఉన్నట్టు ఆవిడకు కళ్ళకు కట్టింది.

“సార్, బొమ్మ బాగైంది ఈయన వల్ల కాదు. నేను నెట్‌లోంచి వీడియో డ్రైవర్ తెచ్చి వేశాను.”

కూర్మారావు గారు మెల్లగా గోడవైపు చూశారు.

“అనగా,” అన్నారు త్రినాథప్రసాద్ గారు, “ఈ యంత్రం లోపల ఇప్పుడు ఇంకొక డ్రైవర్ ఉన్నాడా?”

“ఉన్నాడు... ఉంది సార్.”

“లైసెన్సు?”

“దానికి లైసెన్సు ఉండదండీ.”

“అనధికార డ్రైవర్‌ను ప్రభుత్వ వాహనంలోనికి ఎక్కించి, బాలికలు ఉన్న తరగతి గదిలో నడిపించినారు!” ఆయన ల్యాప్‌టాప్ వైపు వేలు చూపించారు. “తీసెయ్యండి. గిరిధర్, వెంటనే దింపెయ్ ఆ డ్రైవర్‌ని!”

గిరిధర్ ముందుకు కదిలాడు. దమయంతికి మాటలు వినపడలేదు గానీ, ల్యాప్‌టాప్ వైపు వెళ్తున్న చెయ్యి కనపడింది. లేచి నిలబడింది. ఒకరి తరవాత ఒకరు పిల్లలందరూ లేచారు.

హైమావతి గొంతు సర్దుకుంది. ఆ శాఖ ఆవిడకు ఏమీ ఇవ్వకపోయినా, తన భాషను మాత్రం నేర్పింది.

“సార్, తమరు జారీ చేసిన నియమాల ప్రకారం, డ్రైవర్ విధిలో ఉండగా యంత్రము లోపలి భాగాలను మరొకరు తాకరాదు. ప్రస్తుతం డ్రైవర్ విధిలో ఉన్నారు.”

సన్యాసిరావు స్టూలు బరబరా లాక్కుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. రెండు చేతులూ దాని మీద వేశాడు.

“డూటీలో ఉన్నానండి.”

“డ్యూటీ దిగు.”

“దిగమని ఆర్డరు రాసియ్యండి బాబూ. నాను దిగితే ఇంకో డ్రైవర్ ఎక్కాల. మద్దిలో బండి ఖాళీగా ఉండకూడదని ట్రైనింగులో సెప్పినారు.”

త్రినాథప్రసాద్ గారు కూర్మారావు గారి వైపు తిరిగారు. కూర్మారావు గారు తల ఊపారు. “నిజమేనండి. మనమే రాసినాం. తప్పని రాస్తే మళ్ళీ అందరి సంతకాలూ...”

అధికారులు వచ్చిన దారినే వెళ్ళిపోయారు. పరీక్షలు అయ్యేవరకు సన్యాసిరావు డ్యూటీ దిగలేదు. పక్క గదిలోనే పడుకున్నాడు, భార్య క్యారేజీ తెచ్చిపెట్టేది. ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తరవాత మూత మీద కుంకుమ బొట్టు పెట్టి వెళ్ళింది. పాఠాలు మళ్ళీ మళ్ళీ చూసి, సన్యాసిరావుకు గింజ మొలకెత్తడం దాకా సైగలు వచ్చేశాయి. ఖాళీ వేళల్లో పిల్లలు అతనికి పాఠాల్లో లేని సైగలు కూడా నేర్పారు.

ఫలితాలు వచ్చాయి. పిల్లలందరూ పాసయ్యారు. దమయంతికి సైన్సులో తరగతి అందరికన్నా ఎక్కువ మార్కులు. వాళ్ళ నాన్న జీడిపప్పు ఫ్యాక్టరీ మాట మళ్ళీ ఎత్తలేదు. హైమావతికి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి ప్రశంసాపత్రం, ఒకటి మెమో. రెండింటి మీదా తేదీ ఒకటే, సంతకమూ ఒకటే.

విజయోత్సవం పాఠశాల ఆవరణలోనే పెట్టారు. త్రినాథప్రసాద్ గారు వేదికెక్కి, ఈ ఫలితాలు ‘ప్రతి యంత్రమునకూ ఒక చోదకుడు’ అనే తన దార్శనికతకు నిదర్శనమని ముక్కాలుగంట చెప్పారు. హైమావతి పక్కన నిలబడి దాన్ని పిల్లలకు సైగల్లో చెప్పింది. ఆవిడకు పట్టిన సమయం చాలా తక్కువ. తరవాత ఆయన సన్యాసిరావును వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, మైకు అందించారు.

“ఈ డ్రైవర్ సోదరుడు బాలికల భాష కూడా నేర్చుకున్నాడట! ఏదీ, మన శాఖ గురించి ఒక్క మాట వారి భాషలోనే చెప్పవయ్యా.”

సన్యాసిరావు మైకు పక్కన పెట్టాడు. ఆయన వైపు వినయంగా తిరిగి, నుదుటి మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు. అరచేయి తెరిచి, దాని మీద మెల్లగా ఊదాడు.

హాస్టల్ పిల్లలు తమలో తాము వాడుకునే సైగ అది. తలుపు కొట్టి చూశాను, లోపల ఎవరూ లేరు అని.

ముందు వరసలో దమయంతి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. వెనక వరసల్లో భుజాలు కదులుతున్నాయి.

“ఏమన్నాడండీ?” అన్నారు త్రినాథప్రసాద్ గారు ఉత్సాహంగా.

హైమావతి ముఖంలో ఏ మార్పూ లేదు. “మీ మేధస్సుకు అవధులు లేవంటున్నారు సార్.”

“అద్భుతం!” ఆయన పులకించిపోయారు. వేదిక అంచుకు వచ్చి, సభనంతటినీ కలియజూసి, తన నుదుటి మీద తానే రెండుసార్లు తట్టుకుని, అరచేయి చాపి, గట్టిగా ఊదారు. పిల్లలు చేతులెత్తి ఆడించారు. అంతటి స్పందన ఆయనకు ఏ సభలోనూ రాలేదు. మళ్ళీ చేశారు. కూర్మారావు గారు కూడా చేశారు. ఫోటోగ్రాఫర్ అడిగితే ఇద్దరూ కలిసి చేశారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట శాఖలోని అధికారులు, సిబ్బంది ఒకరికొకరు ఎదురైనపుడు, సమావేశముల ఆరంభమున, ఫైలుపై సంతకము చేయుటకు ముందు, విధిగా ఈ సైగతోనే అభివాదము చేయవలెను.

ఆ శాఖ చరిత్రలో అక్షరం పొల్లుపోకుండా అమలవుతున్న ఉత్తర్వు అదొక్కటే.